ఉపగ్రహంలో చెడిన భాగాన్ని కక్ష్యలోనే మార్చలేమా? మార్చొచ్చు, కానీ...

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. జీపీఎస్‌లా దారి చూపే మన నావిక్ వ్యవస్థలోని ఉపగ్రహం ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏలో గడియారాలు చెడిపోతే దాని బదులు ఇంకో ఉపగ్రహాన్నే పంపాల్సి వచ్చింది. కక్ష్యలో తిరిగే హబుల్ టెలిస్కోపుకు మాత్రం ఐదుసార్లు వెళ్లి భాగాలు మార్చి వచ్చారు. అలాంటప్పుడు అన్ని ఉపగ్రహాలనూ కారు టైరులా ఊడదీసి కొత్తది బిగించుకునేలా ఎందుకు కట్టరు? మెకానికల్ మూడో ఏడు చదువుతున్నాను, దీనిమీద ప్రాజెక్టు చేయొచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే: కట్టొచ్చు, 1984 నుంచి మారుస్తూనే ఉన్నారు. కానీ ఊడొచ్చే పెట్టె ఒక్కటే ఉంటే సరిపోదు. ఆ పెట్టె అతుక్కునే చోటు అందుకు తగ్గట్టు ఉండాలి, అక్కడిదాకా వెళ్లగలిగేవాడు ఉండాలి. ఈ రెండోది లేనప్పుడు మొదటిది పెట్టుకుంటే ఉపగ్రహం బతికినంతకాలం అనవసరపు బరువు మోయడమే.

నేను ఉపగ్రహాల మెకానికల్ అసెంబ్లీ, టెస్టింగ్ వైపు చాలా ఏళ్లు పనిచేశాను. పైకి వెళ్లి మార్చినవాణ్ని కాదు, కింద క్లీన్‌రూంలో, అంటే దుమ్ము చొరబడని గదిలో, మార్చినవాణ్ని. ముందు ఆ కింది సంగతి చెబుతాను. అది తెలిస్తే పైన ఎందుకంత కష్టమో సగం అర్థమైపోతుంది.

పరీక్షల మధ్యలో ఒక ఎలక్ట్రానిక్స్ పెట్టె మార్చాల్సి వచ్చిందనుకోండి. ముందు పైనున్న బంగారు రంగు ఇన్సులేషన్ దుప్పటిని చిరగకుండా వెనక్కి మడవాలి. పెట్టెకూ ప్యానెల్‌కూ మధ్య ఉన్న ఎర్తింగ్ పట్టీ విప్పాలి. తర్వాత కనెక్టర్లు. వేలు కూడా సరిగా దూరని సందులో, రెండు పక్కల స్క్రూలనూ కొంచెం ఇటు, కొంచెం అటు తిప్పుకుంటూ సమానంగా లాగాలి. ఒకవైపే వదులు చేసి లాగితే లోపల పిన్ను వంగుతుంది. ఏ కనెక్టర్‌ను ఎన్నిసార్లు పెట్టి తీశామో రికార్డులో రాయాలి, ఎందుకంటే దానికో పరిమితి ఉంటుంది. అందుకే అసలు కనెక్టర్ అరిగిపోకుండా పరీక్షలప్పుడు మధ్యలో సేవర్ అని ఇంకో చిన్న కనెక్టర్ తగిలించి పని నడుపుతాం. బోల్టులు రాకెట్ కుదుపులకు వదులైపోకుండా తలల మీద ఎపాక్సీ వేసి ఉంటుంది. దాన్ని గీకాలి, గీకిన పొట్టు ఒక్కటి కూడా లోపల పడకూడదు. బోల్టులన్నీ తీశాక కూడా పెట్టె లేవదు. దాని వేడి ప్యానెల్‌లోకి దిగడానికి అడుగున పూసిన పదార్థం గట్టిగా పట్టుకుని ఉంటుంది. మెల్లగా లేపి, తుడిచి, కొత్తది పూసి, టార్క్ రెంచ్‌తో వరుసక్రమంలో బిగించి, మళ్లీ పరీక్షలన్నీ మొదటినుంచి.

ఇదంతా ఇద్దరు మనుషులు, మంచి లైటింగు, పలుచటి గ్లవ్స్, పక్కన డ్రాయింగు, నెత్తిన క్వాలిటీ ఇన్‌స్పెక్టరు ఉండగా జరిగే పని. ఇదే పనిని గాలి నింపిన స్పేస్‌సూట్ చేతితొడుగుతో, నేలమీద కాళ్లు ఆనకుండా చేయాలంటే? రెంచ్ తిప్పితే బోల్టు బదులు మనిషే తిరుగుతాడు.

అందుకే కక్ష్యలో మార్చే పెట్టెను మొదటినుంచీ వేరేగా కడతారు. ఈ రంగంలో దాన్ని ఓఆర్‌యూ (ఆర్బిటల్ రీప్లేస్‌మెంట్ యూనిట్) అంటారు. బోల్టులు ఇరవై ఉండవు, ఒకటో రెండో ఉంటాయి. విప్పినా ఊడి తేలిపోకుండా పెట్టెకే పట్టుకుని ఉంటాయి. పెట్టె లోపలికి జారడానికి గైడ్లు ఉంటాయి. ముందు పెద్ద గైడు దారిలో పెడుతుంది, తర్వాత చిన్న పిన్నులు కచ్చితంగా కూర్చోబెడతాయి, చివరి కొన్ని మిల్లీమీటర్లలో బోల్టు బిగుస్తుండగా కరెంటు కనెక్టర్ దానంతటదే కలుస్తుంది. రోబో పట్టుకోవడానికి ఒక పిడి, మనిషి పట్టుకోవడానికి ఇంకోటి. వేడి సంగతి ఇంకా ముచ్చటైనది. పైన పూత పూయడం కుదరదు కాబట్టి కక్ష్యలో తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో కొన్ని పెద్ద విద్యుత్ పెట్టెల అడుగున పలుచటి రేకులు వరుసగా ఉంటాయి. కేంద్రం వైపు వేడిని లాగే కోల్డ్ ప్లేటు మీదా అలాంటివే ఉంటాయి. పెట్టె కూర్చోగానే ఇవి వాటి సందుల్లోకి దూరతాయి. ఒకదాన్నొకటి తాకవు. వేడి రేడియేషన్‌గానే దాటుతుంది. తాకదు కాబట్టి అతుక్కోదు, అతుక్కోదు కాబట్టి తీయడం తేలిక. వేడి లాగడంలో కొంత నష్టపోయి ఆ తేలికను కొనుక్కున్నారన్నమాట.

ఈ పద్ధతికి మొదటి పెద్ద పరీక్ష సోలార్ మాక్స్. సూర్యుణ్ని గమనించే ఈ నాసా ఉపగ్రహం 1980 ఫిబ్రవరిలో వెళ్లింది, అదే ఏడాది నవంబరులో ఫ్యూజులు పోయి సూర్యుడివైపు కచ్చితంగా గురిపెట్టే శక్తి పోగొట్టుకుంది. అదృష్టమేమిటంటే దాని అడుగుభాగాన్ని మాడ్యూళ్లుగా, అంటే విడివిడి పెట్టెలుగా, కట్టారు: కరెంటుకొకటి, దిశ నియంత్రణకొకటి, కమ్యూనికేషన్‌కొకటి. 1984 ఏప్రిల్‌లో, మనుషులను కక్ష్యకు తీసుకెళ్లి తిరిగి తెచ్చే స్పేస్ షటిల్ ఛాలెంజర్‌లో వెళ్లి చెడిన దిశ నియంత్రణ మాడ్యూల్ తీసి కొత్తది పెట్టారు. అలా వీలుగా కట్టిన మాడ్యూల్‌తో పెద్ద ఇబ్బంది రాలేదు. అదే యాత్రలో అలా కట్టని ఇంకో ఎలక్ట్రానిక్స్ పెట్టెనూ మార్చారు. దానికి దుప్పటి కోసి, స్క్రూలు విప్పి, తిరిగి కలిపేటప్పుడు చిన్న స్క్రూల బదులు క్లిప్పులు పెట్టాల్సి వచ్చింది.

కానీ నేను కొత్తగా చేరిన పిల్లలకు ఎప్పుడూ చెప్పేది ఆ మార్పిడి గురించి కాదు, దానికి ముందు జరిగినదాని గురించి. వ్యోమగామి జార్జ్ నెల్సన్ జెట్ ప్యాక్ వేసుకుని ఉపగ్రహం దగ్గరికి వెళ్లి, దాని పక్కనున్న ఒక పిన్నును తన పరికరంతో పట్టుకోవాలి. మళ్లీ మళ్లీ గుద్దినా పరికరం కొండీ పడలేదు. తర్వాత తేలింది: ఆ పిన్ను పక్కనే ఇన్సులేషన్ దుప్పటిని పట్టి ఉంచే చిన్న బిళ్ల ఒకటి కాస్త పైకి పొడుచుకొచ్చి ఉంది. డ్రాయింగులో అది లేదు. నెల్సన్ సౌరఫలకాన్ని చేత్తో పట్టుకుని ఆపబోతే ఉపగ్రహం ఇంకా గిరగిరా తిరిగింది. కింద నాసా గొడ్డార్డ్ కేంద్రం వాళ్లు నానా తంటాలు పడి దాన్ని నిలబెట్టాక, షటిల్ రోబో చేత్తో పట్టుకుని సరుకుల అరలోకి దించారు. అందుకే డ్రాయింగులో ఉన్నదానికీ చివరికి కట్టినదానికీ తేడా ఉండకూడదు అని క్లీన్‌రూంలో మేం ప్రాణం తీస్తాం. దుప్పటికి ఇంకో టేపు ముక్క వేసినా ఫొటో తీసి రికార్డులో పెట్టమనేది ఊరికే కాదు. పదేళ్ల తర్వాత ఎవడో అక్కడికి వెళ్లాల్సి రావచ్చు.

హబుల్ సంగతికి వద్దాం. 1990లో పంపారు. అద్దం అంచు దగ్గర 2.2 మైక్రాన్ల మేర ఎక్కువ చదునుగా అరగదీయడంతో బొమ్మ మసకబారింది. 1993, 1997, 1999, 2002, 2009లో ఐదు యాత్రలు వెళ్లాయి. అందరూ "రిపేరు" అంటారుగానీ నా లెక్కలో హబుల్‌కు మాడ్యూళ్ల వల్ల కలిగిన అసలు లాభం రిపేరు కాదు, కొత్తదనం. 1999లో పాత కంప్యూటర్ తీసి ఇంటెల్ 80486 ఆధారంగా చేసినది పెట్టారు. కెమెరాలు మారుతూ వచ్చాయి. అద్దం లోపాన్ని సరిదిద్దడానికి 1993లో పెట్టిన కోస్టార్ అనే పెట్టె, తర్వాతి పరికరాలన్నీ తమలోనే సవరణ పెట్టుకుని రావడంతో పనిలేనిదై 2009లో కిందికి వచ్చేసింది. ఉపగ్రహం పాతదే, లోపలి సరంజామా కొత్త తరానిది.

అయినా అక్కడా అన్నీ సాఫీగా సాగలేదు. 1993లో గైరోలు (టెలిస్కోపు ఎటు తిరుగుతోందో చెప్పే పరికరాలు) మార్చాక ఆ అర తలుపులు మూతపడలేదు. వేడి-చలి తేడాలకు లోహం కాస్త సాగి గొళ్లాలు ఎదురెదురుగా రాలేదు. పట్టీ వేసి దగ్గరికి లాగి మూశారు. 2009లో కొత్త గైరో పెట్టె ఒకటి ఎంత తోసినా దాని చోట్లో కూర్చోలేదు. అంతకుముందు ఒక యాత్రలో కిందికి తెచ్చి బాగుచేసి పెట్టుకున్న పాతది దాని బదులు బిగించారు. అదే యాత్రలో వెలుగును రంగులుగా విడదీసి చూసే స్టిస్ అనే పరికరంలో కరెంటు కార్డు మార్చాలి. దాన్ని కక్ష్యలో విప్పుతారని కట్టినప్పుడు ఎవరూ అనుకోలేదు. మూత మీద 111 చిన్న స్క్రూలు. అవి తేలిపోయి టెలిస్కోపులో పడకుండా మూతంతటి ప్రత్యేకమైన ప్లేటు ఒకటి తయారుచేసి, దాని రంధ్రాల్లోంచి విప్పి స్క్రూలు ప్లేటులోనే ఉండిపోయేలా చేశారు. అంత ఏర్పాటు చేసుకుని వెళితే ఆ స్క్రూల కంటే ముందు అడ్డుగా ఉన్న పిడి బోల్టు ఒకటి అరిగి రాలేదు. చివరికి వ్యోమగామి మైక్ మాసిమినో ఆ పిడిని బలంకొద్దీ పీకేశాడు.

ఇంకొకటి. 2008 సెప్టెంబరులో, ఆ యాత్ర బయల్దేరడానికి కొద్దిరోజుల ముందు, హబుల్‌లో పరికరాల డేటా చూసే పెట్టెలో ఒక వైపు చచ్చిపోయింది. అది మార్చుకునేలా కట్టిందే, కింద స్పేర్ కూడా ఉంది. అయినా యాత్ర అక్టోబరు నుంచి తర్వాతి ఏడాది మే వరకు ఆగింది. ఎందుకు? ఏళ్లతరబడి అలా ఉన్న స్పేర్‌ను తీసి ఎగరడానికి సిద్ధం చేయాలంటే పరీక్షలకే నెలలు పడుతుంది. స్పేర్ ఉండటం వేరు, వాడటానికి సిద్ధంగా ఉండటం వేరు. నేను చూసిన ఒక చోట స్పేర్ పెట్టెను నత్రజని సంచిలో జాగ్రత్తగా దాచారు గానీ, దాన్ని పరీక్షించే టెస్ట్ రిగ్‌ను వేరే పనికి విప్పేసుకున్నారు. పెట్టె నిక్షేపంగా ఉంది, బాగుందో లేదో చెప్పే దారే లేదు. మాడ్యూళ్ల ఖర్చు లెక్కవేసేటప్పుడు జనం మర్చిపోయేది దీన్నే: రిగ్‌లు, కేబుళ్లు, ఆ పని తెలిసిన మనుషులు, వీళ్లందర్నీ ఉపగ్రహం బతికినంతకాలం కింద పోషించాలి.

అంతరిక్ష కేంద్రంలో అయితే ఇది రోజువారీ వ్యవహారం. స్పేర్లు బయటే అరల మీద బిగించి ఉంటాయి. అక్కడి అనుభవం నాకు నేర్పినదేమిటంటే, పెట్టెలు మొరాయించడం తక్కువ, అతుకులు మొరాయించడం ఎక్కువ. 2010 జులై 31న అమ్మోనియా పంపు ఆగి సగం కూలింగ్ పోయింది. దాదాపు 350 కిలోల పంపును మార్చడానికి మూడు స్పేస్‌వాక్‌లు పట్టాయి. కారణం పంపు బరువు కాదు, అమ్మోనియా గొట్టాన్ని చటుక్కున కలిపి విడదీసే అతుకు, క్విక్ డిస్‌కనెక్ట్ ఒకటి బిగుసుకుపోయి, లీకై, లొంగకపోవడం. కరెంటు కనెక్టర్ కంటే ద్రవాల కనెక్టర్ పదిరెట్లు మొండిది. ప్రాజెక్టు అనుకుంటున్నారు కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి.

2012 ఆగస్టు 30న వ్యోమగాములు సునీతా విలియమ్స్, అకిహికో హోషిదే ఒక పెద్ద విద్యుత్ స్విచింగ్ పెట్టె మార్చడానికి బయటికి వెళ్లారు. పాతది వచ్చింది, కొత్తది కూర్చుంది, బోల్టు మాత్రం సగంలో పట్టేసింది. ఎనిమిది గంటలు దాటినా పని కాలేదు, పెట్టెను తాడుతో కట్టేసి లోపలికి వచ్చారు. బోల్టు దిగే గూట్లో లోహపు రజను కనిపించింది. సెప్టెంబరు 5న మళ్లీ వెళ్లారు. ఈసారి చేతిలో ఉన్నవి అక్కడే చేసుకున్న సరంజామా: ఒక టూత్‌బ్రష్, తీగలతో చేసిన బ్రష్, గ్రీజు. గూడు తోమి, గ్రీజు పట్టించి, బోల్టును ముందుకీ వెనక్కీ ఆడిస్తూ మొత్తానికి దింపారు. శూన్యంలో పైపొర అరిగిన లోహాలు ఒకదాన్నొకటి కొరికి పట్టేసుకుంటాయి. అందుకే మరల మీద మాలిబ్డినం డైసల్ఫైడ్ లాంటి పొడి లూబ్రికెంట్లు వేస్తాం, బోల్టుకూ గూటికీ వేర్వేరు లోహాలు ఎంచుకుంటాం. అయినా ఒక్క రజను చాలు.

అదే రకం పెట్టె 2019 ఏప్రిల్ చివర్లో ఇంకొకటి పోయింది. ఈసారి ఎవరూ సూట్ వేసుకోలేదు. కెనడా వాళ్ల రోబో చెయ్యి, దాని కొసకు తగిలించిన డెక్స్టర్ అనే రోబో కలిసి, కింద నుంచి నడిపిస్తుండగా, కొద్దిరోజుల్లోనే మార్చేశాయి. కేంద్రంలో 48 పాత నికెల్-హైడ్రోజన్ బ్యాటరీల బదులు 24 లిథియం-అయాన్ బ్యాటరీలు 2017, 2021 మధ్య వచ్చాయి, అందులోనూ రోబోల చెయ్యి చాలా ఉంది.

మరి నావిక్‌కు ఇదంతా ఎందుకు పనికిరాలేదు? ఇక్కడ మెకానికల్ పక్కనపెట్టి కక్ష్యల లెక్క చూడాలి. హబుల్ కక్ష్య వాలు (భూమధ్యరేఖతో కక్ష్య చేసే కోణం) 28.5 డిగ్రీలు, అంతరిక్ష కేంద్రానిది 51.6. రెండూ భూమికి నాలుగైదు వందల కిలోమీటర్ల ఎత్తులోనే. అయినా ఒకదాని దగ్గర్నుంచి ఇంకోదాని దగ్గరికి వెళ్లాలంటే ఆ వాలు మార్చడానికే సెకనుకు 3 కిలోమీటర్ల వేగమార్పు కావాలి. షటిల్ కక్ష్యలో వాడుకోగలిగింది దాదాపు అందులో పదో వంతు. అందుకే 2009 యాత్రలో ఏదైనా జరిగితే అంతరిక్ష కేంద్రంలో తలదాచుకునే దారిలేక, ఎండీవర్ షటిల్‌ను కింద ఇంకో లాంచ్‌ప్యాడ్ మీద సిద్ధంగా నిలబెట్టారు. ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏ దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో, వాలు కక్ష్యలో ఉంది. ఏ షటిల్ అంత ఎత్తుకు వెళ్లలేదు. గడియారాన్ని చక్కగా ఊడొచ్చేలా కట్టినా, ఊడదీసేవాడు లేడు. వాణ్ని అక్కడికి పంపే ఖర్చుతో కొత్త ఉపగ్రహమే వస్తుంది. 2017 ఆగస్టులో దానికి బదులుగా పంపిన ఐఆర్ఎన్ఎస్ఎస్-1హెచ్, రాకెట్ హీట్ షీల్డ్ విడిపోకపోవడంతో దక్కలేదు. 2018 ఏప్రిల్‌లో 1ఐ వెళ్లి ఆ లోటు తీర్చింది.

ఇంకో మాట, ఇది చాలామందికి తట్టదు. ఆ ఉపగ్రహంలో గడియారాలు మూడు: ఒకటి పనిచేస్తుంటే మిగతావి స్పేర్లు. మూడూ పోయాయి. ఒకే డిజైన్, ఒకే తయారీ అయితే ఒకదానికొచ్చిన జబ్బు మిగతావాటికీ వస్తుంది. లోపలే స్పేర్ పెట్టుకోవడం యాదృచ్ఛికంగా వచ్చే చెడుకు మందు, డిజైన్‌లోనే ఉన్న చెడుకు కాదు. బయటినుంచి తెచ్చి మార్చే పెట్టెకు ఉన్న నిజమైన బలం అదే, లోపం తెలిశాక సరిచేసిన కొత్త రకాన్ని పంపొచ్చు. మనవాళ్లు ఆ పని కొత్త ఉపగ్రహం ద్వారా చేశారు, 2023 మేలో వెళ్లిన కొత్త నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01లో సొంతంగా చేసిన రుబిడియం గడియారం ఉంది.

అయితే ఎత్తు కక్ష్యల్లో ఏ సాయమూ అసాధ్యమని కాదు. టీవీ, టెలికాం ఉపగ్రహాలు చాలా భూమధ్యరేఖ పైన ఒకే వలయంలో ఉంటాయి కాబట్టి అక్కడ ఒక సర్వీసు బండి ఒకదాని నుంచి ఇంకోదానికి తక్కువ ఇంధనంతో వెళ్లగలదు. 2020 ఫిబ్రవరిలో ఎంఈవీ-1 అనే వాహనం, ఇంధనం నిండుకుంటున్న ఇంటెల్‌శాట్ 901 వెనక ఇంజన్ నాజిల్‌ను పట్టుకుని అతుక్కుంది. 2021 ఏప్రిల్‌లో ఎంఈవీ-2 ఇంకో ఇంటెల్‌శాట్‌కు అలాగే చేసింది. గమనించండి, ఏ భాగమూ మార్చలేదు. ఉపగ్రహాన్ని విప్పకుండా వెనక నుంచి మోసుకుపోయారంతే. 2025 జనవరిలో వెళ్లిన ఇంకో నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-02లో ఆక్సిడైజర్ వాల్వులు తెరుచుకోక కక్ష్య పెంచలేకపోయారు కదా, అలాంటి జబ్బుకు కూడా పెట్టె మార్పిడి కంటే ఇలాంటి తోడు బండే నప్పుతుందని నా అభిప్రాయం.

రోబోతో, మనిషి లేకుండా పెట్టె మార్చడం కూడా జరిగింది. 2007లో అమెరికా ఆర్బిటల్ ఎక్స్‌ప్రెస్ ప్రయోగంలో ఒక ఉపగ్రహం ఇంకోదానికి బ్యాటరీ అందించింది, ఇంధనం పోసింది. అయితే రెండూ ఒకదాని కోసం ఒకటి కట్టినవే. ముందుగా ఒప్పందం లేని ఉపగ్రహాన్ని విప్పడం ఇంకో పని. భూమిని గమనించే ల్యాండ్‌శాట్-7 ఉపగ్రహానికి ఇంధనం నింపడానికి నాసా మొదలుపెట్టిన ఓశామ్-1 ప్రాజెక్టును 2024లో ఆపేశారు. మన వైపు చూస్తే 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో స్పేడెక్స్ ఉపగ్రహాల జంట, ఒక్కొక్కటి 220 కిలోలు, 2025 జనవరి 16న కలిసింది, తర్వాత ఒకదాని నుంచి ఇంకోదానికి కరెంటు కూడా పంపింది. విచిత్రంగా అదే తేదీన సునీతా విలియమ్స్, నిక్ హేగ్ అంతరిక్ష కేంద్రం బయట ఒక గైరో పెట్టె మారుస్తున్నారు. హబుల్‌కు మాత్రం ఇప్పుడు ఆ భాగ్యం లేదు. షటిళ్లు 2011లో ఆగిపోయాయి, 2024 జూన్ నుంచి అది ఒక్క గైరోతో నెట్టుకొస్తోంది. దాని గైరోలు ఇప్పటికీ ఊడొచ్చే పెట్టెల్లోనే ఉన్నాయి.

మీ ప్రాజెక్టు సంగతి. మొత్తం ఉపగ్రహం జోలికి పోకండి, కంప్యూటర్‌లో అందమైన బొమ్మ గీసి ఆపేయకండి. ఒక్క అతుకు తీసుకోండి. షూబాక్సంత అల్యూమినియం పెట్టె, మధ్యలో ఊడిపోని బోల్టు ఒకటి, రెండు గైడ్ పిన్నులు, కొంచెం అటూఇటూ కదిలేలా అమర్చిన కనెక్టర్ ఒకటి. అలా వదులుగా ఎందుకంటే, పెట్టె వంకరగా వచ్చినా పిన్నులు వంగకుండా అది సర్దుకోవాలి. కాలేజీ వర్క్‌షాప్‌లో ఇది అయిపోతుంది. తర్వాత పెట్టెను కావాలనే ఒక డిగ్రీ, రెండు డిగ్రీలు, మూడు డిగ్రీలు వంకరగా పెట్టి లోపలికి తోయండి. ఎక్కడ ఇరుక్కుంటుందో, ఎంత బలం పడుతుందో కొలవండి. గైడ్ పిన్ను పొడవు, మొన వాలు మార్చి మళ్లీ కొలవండి. అది అయ్యాక లావుపాటి వెల్డింగ్ గ్లవ్స్ తొడుక్కుని, చక్రాల కుర్చీలో కాళ్లు పైకెత్తి కూర్చుని ఆ బోల్టు బిగించండి. గూట్లో చిటికెడు ఇనుప రజను వేసి ఇంకోసారి. మీ గైడు ఎవరైనా ఇదేం ప్రాజెక్టు అంటే, ఆ టార్క్ గ్రాఫులు చూపించండి. కనెక్టర్ల ఎంపికలోనో టాలరెన్సుల లెక్కలోనో చిక్కుపడితే మీ కొలతలతో సహా ఇక్కడే కింద అడగండి, చూసి చెబుతాను.